రామగుండం ఎండకు తట్టుకునే పెట్టె

మే నెల వచ్చిందంటే రామగుండం పేరు పేపర్లో కనబడని రోజు ఉండదు. రాష్ట్రంలో ఎండ ఎక్కువ కాసిన ఊళ్లు చెప్పేటప్పుడు రామగుండం, ఆదిలాబాద్, జగిత్యాల, మంచిర్యాల ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 45 డిగ్రీలంటే మాకు వింత కాదు. అదే ఆదిలాబాద్‌లో సంక్రాంతి ముందు కొన్ని రాత్రులు ఆరేడు డిగ్రీలకు పడిపోతాయి. ఒక వస్తువు గట్టిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు తెలుగునేల మీద దొరకదు. కరెంటు కారు ఇప్పుడే తీసుకోవాలా, ఇంకో రెండేళ్లు ఆగాలా అని ఈ దిక్కున ఎవరడిగినా నేను ధర దగ్గర మొదలుపెట్టను. బండి అడుగున కూర్చున్న బ్యాటరీ పెట్టె దగ్గర మొదలుపెడతాను. ఎప్పుడు కొనాలన్న దానికి సగం జవాబు ఆ పెట్టెలోనే ఉంది.

నమూనాకు ఒక బండి కావాలి కాబట్టి టాటా టియాగో ఈవీని తీసుకుంటున్నాను. మధ్యతరగతి ఇంటికి అందే ధరలో, నలుగురు సుఖంగా కూర్చునే బండిగా 2022 సెప్టెంబరులో ఇది వచ్చినప్పుడు ప్రారంభ ధర 8 లక్షల 49 వేలు. అంతకు రెండున్నరేళ్ల ముందు, 2020 జనవరిలో, అదే కంపెనీ నెక్సాన్ ఈవీని దాదాపు 14 లక్షలకు మొదలుపెట్టింది. పెద్ద బండిలో నేర్చుకున్న పనిని చిన్న బండిలోకి దించడం తేలిక కాదు. ధర తగ్గించాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత ఎక్కడ పెట్టారో, ఎక్కడ పెట్టలేదో చూస్తే పనివాళ్ల బుద్ధి తెలుస్తుంది. టియాగోలో బ్యాటరీ చిన్నదైంది: ఒకటి 19.2 యూనిట్లది, ఇంకోటి 24 యూనిట్లది. మోటారు బలం తగ్గింది. కానీ బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటును మాత్రం తీసేయలేదు. నాకు ఈ బండి మీద గౌరవం కలిగింది అక్కడే.

ఆ ఏర్పాటు ఎందుకంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. నిస్సాన్ లీఫ్ అనే కారు 2010 చివర్లో వచ్చింది. ఎంతో శ్రద్ధగా చేసిన బండే కానీ, దాని బ్యాటరీని చల్లబరచడానికి విడిగా ఏమీ లేదు; బయటి గాలే దిక్కు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ ప్రాంతపు యజమానులు తమ బండి మునుపటంత దూరం పోవడం లేదని గొడవపెట్టారు. ఫీనిక్స్ ఎండలు మన రామగుండం ఎండల లాంటివే. చివరికి కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి వేరుగా వారంటీ ఇచ్చి, వేడికి ఓర్చుకునే కొత్త బ్యాటరీ తయారుచేసుకోవలసి వచ్చింది. లండన్‌లోనో ఓస్లోలోనో మంచి పేరు తెచ్చుకున్న బండి మా మే నెలకు పనికొస్తుందని చెప్పలేం.

ద్రవంతో చల్లబరిచే బ్యాటరీలో సెల్స్ పక్కన సన్నని దారులున్న లోహపు పలకలు ఉంటాయి. వాటిలో నీళ్లు, గ్లైకాల్ కలిపిన ద్రవం తిరుగుతూ సెల్స్ వేడిని లాక్కుపోతుంది. మరీ వేడెక్కితే, ఇట్లాంటి చాలా కార్లలో ఏసీ గ్యాసు సాయంతో ఆ ద్రవాన్నే చల్లబరుస్తారు. అంటే ఎండాకాలం ప్రయాణంలో ఏసీకి పని మనుషుల కోసమే కాదు. ఇక్కడ అసలు నేర్పు చల్లదనంలో లేదు, సమానత్వంలో ఉంది. అన్ని సెల్సూ ఇంచుమించు ఒకే వేడి మీద ఉండాలి. ఒక మూల 30 డిగ్రీలు, ఇంకో మూల 45 డిగ్రీలు ఉంటే వేడి మూలనున్న సెల్స్ ముందుగా ముసలివైపోతాయి. వరుసలో ఒక్క సెల్ బలహీనపడితే మిగతావి ఎంత బలంగా ఉన్నా బండి ఆ బలహీనమైనదాని లెక్కలోనే నడవాలి.

మూడు వందల వోల్టులు దాటాలంటే సుమారు వంద సెల్స్‌ను వరుసగా కలపాలి. ఒక్కోటి ఇచ్చేది 3.2 వోల్టులే. వాటన్నిటి మీదా కన్నేసి ఉంచే సర్క్యూటును బీఎంఎస్ అంటారు. ఏ సెల్ ముందు నిండింది, ఏది వెనకబడింది అని నిరంతరం చూస్తూ, నిండినదాన్ని కాస్త తగ్గించి, వెనకబడినదాన్ని అందుకోనిస్తుంది. ఈ బండ్లలో వాడే రసాయనంతో దానికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇరవై శాతం ఉన్నప్పుడూ ఎనభై శాతం ఉన్నప్పుడూ వోల్టేజీ ఇంచుమించు అంతే ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం దానికి కుదరదు. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క రాసుకుంటూ పోవాలి. ఏ లెక్కలోనైనా కొన్నాళ్లకు తేడా వస్తుంది. అందుకే వీటిని అప్పుడప్పుడు నూటికి నూరు శాతం నింపమంటారు. పూర్తిగా నిండినప్పుడు వోల్టేజీ ఒక్కసారి పైకి లేస్తుంది, బీఎంఎస్ తన లెక్కను అక్కడ సరిచేసుకుంటుంది. ఫోన్ బ్యాటరీకి చెప్పే జాగ్రత్తలు వేరు, దీనికి వేరు.

ఆ రసాయనం పేరు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దాని పుట్టుకలో మనవాళ్ల చెయ్యి ఉందని నేను సంతోషంగా చెబుతాను. 1997లో అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేసిన బృందం దీన్ని ప్రకటించింది. ఆ పరిశోధన పత్రం మీద గుడెనఫ్ కంటే ముందు ఉన్న రెండు పేర్లు అక్షయ పాఢి, నంజుండస్వామి. దానికి దారి వేసిన అంతకు ముందటి పనిలో తమిళనాడు నుంచి వెళ్లిన అరుముగం మంథిరం ఉన్నారు. 2019లో గుడెనఫ్‌కు 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చినప్పుడు స్టాక్‌హోంలో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది మంథిరమే.

ఈ పదార్థంలో గొప్పతనం ఒక్క బంధంలో ఉంది. నికెల్, కోబాల్ట్ వాడే బ్యాటరీలు బాగా వేడెక్కితే వాటి లోపలి పదార్థం ఆక్సిజన్ వదులుతుంది. మంటకు గాలి లోపలే దొరికినట్టవుతుంది. ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ వదలదు, చెట్టు వేరు మట్టిని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. అందుకే ఇది తేలిగ్గా అంటుకోదు. నికెల్, కోబాల్ట్ లేవు కాబట్టి ధరా తగ్గింది. వేల సార్లు నింపి వాడుకున్నా ఓర్చుకుంటుంది. అయితే రెండు లోటులున్నాయి: అదే శక్తికి బరువు కొంచెం ఎక్కువ, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్‌కు మొండికేస్తుంది. మొదటిది చిన్న కుటుంబ కారుకు పెద్ద నష్టం కాదు. రెండోది లడాఖ్‌కు సమస్య, ఆదిలాబాద్‌కు కాదు; మా ఆరేడు డిగ్రీల తెల్లవారుజామున ఛార్జింగ్ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే.

మంటల మాట వచ్చింది కాబట్టి దాటవేయకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల స్కూటర్లు తగలబడ్డాయి. మా దిక్కు ఇళ్లలో ఆడవాళ్లు కరెంటు కారు వద్దంటే ఆ వార్త గుర్తుండే అంటారు, ఆ భయం న్యాయమైనది. ఆ తర్వాతే కేంద్రం పరీక్షల నియమాలు బిగించింది. కార్లకు వర్తించే ఏఐఎస్-038 రెండో సవరణ ప్రకారం, ఒక సెల్‌లో మొదలైన వేడి మనుషులకు ప్రమాదం అయ్యేలోపు కనీసం ఐదు నిమిషాల ముందు బండి హెచ్చరించాలి. బండి ఆపి, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలను ఎత్తుకుని దిగడానికి ఐదు నిమిషాలు చాలు. పాత నియమాల కాలంలో కొనకుండా ఆగినవాళ్లు తెలివైన పనే చేశారు. ఆ కారణంగా ఇంకా ఆగవలసిన పని లేదు.

పెట్టె మీద ఐపీ67 అని ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క పోదని దాని అర్థం. వానాకాలం కరీంనగర్ వీధుల్లో నిలిచే నీళ్లకు ఇది భరోసా. లోలెవల్ వంతెన మీద వాగు పొర్లుతుంటే దాటవచ్చని మాత్రం కాదు. నీళ్లు లోపలికి పోకపోయినా బండినే ఎత్తుకుపోతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. అది ఛార్జింగ్ తుపాకీ, అంటే బండికి గుచ్చే పిడి. చేతిలోకి తీసుకుని ముఖం చూడండి. ఏడు గుంటలుంటాయి: మూడు ఫేజులకు మూడు, న్యూట్రల్‌కు ఒకటి, మధ్యలో ఎర్త్‌కు ఒకటి, పైన చిన్నవి రెండు. అన్నీ ఒకేసారి కలవవు. గుచ్చుతున్నప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ కలుస్తుంది, తర్వాత కరెంటు పిన్నులు, అన్నిటికంటే చివర పైన ఉన్న చిన్న పైలట్ పిన్ను. ఊడదీసేటప్పుడు అంతా తలకిందులు: పైలట్ ముందు విడిపోతుంది, దాంతో కరెంటు ఆగిపోతుంది, ఆ తర్వాతే కరెంటు పిన్నులు వదులుతాయి. అందువల్ల ఎవరైనా మధ్యలో పిడి గుంజినా నిప్పురవ్వ లేవదు. ఇదంతా మిల్లీమీటర్ల పొడవు తేడాతో సాధించారు. ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యని కాపలా ఒక పిన్ను పొట్టిగా ఉండడం వల్ల జరుగుతోంది.

ఆ పైలట్ తీగ మీద బండీ, ఛార్జింగ్ డబ్బా మాట్లాడుకుంటాయి. డబ్బా ముందు 12 వోల్టుల సంకేతం పెట్టుకుని కూర్చుంటుంది. బండి తగలగానే అది 9కి దిగుతుంది: వచ్చాను అని. బండి లోపల అంతా సరిచూసుకుని 6కి దించుతుంది: సిద్ధం, పంపు అని. అప్పుడే డబ్బాలో రిలే టక్కుమంటుంది. సెకనుకు వెయ్యి సార్లు కొట్టుకునే ఆ సంకేతంలో ఒక్కో దెబ్బ వెడల్పే బండికి ఎన్ని ఆంపియర్లు లాగవచ్చో చెబుతుంది. మీ ఇంటి వైరు 16 ఆంపియర్లకే అయితే బండి అంతకు మించి ఆశపడదు. తడిచేతులతో, చీకట్లో, వానలో ఎవరైనా వాడతారని ముందే ఊహించి, వాళ్ల ప్రాణం కోసం చేసిన పని ఇది. దీన్ని చూసినప్పుడల్లా దీని వెనకున్న ఇంజినీర్లకు మనసులో నమస్కారం పెట్టుకుంటాను.

ఈ కాపలా అంతా ఎర్త్ మీదే నిలబడింది. మన ఇళ్లలో సమస్య కూడా అక్కడే. మూడో గుంటలో వైరే లేని సాకెట్లు, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చి ఇరవై ఏళ్లుగా నీళ్లు పోయని ఎర్త్ గుంతలు ఎన్నో. వైరింగు చేసే ఒకాయన నాతో అన్న మాట సరిగ్గా సరిపోతుంది: "సార్, ఫ్రిజ్జు అడగది, మోటరు అడగది. ఈ కారొక్కటే, ఎర్తింగ్ లేకుంటె కరెంటు ముట్టది." నిజమే. ఛార్జింగ్ డబ్బా ఎర్త్ సరిగ్గా లేదని ఎర్రలైటు వెలిగించి కూర్చుంటుంది. అది బండి లోపం కాదు, ఇంట్లో ఇన్నేళ్లూ ఉన్న ప్రమాదాన్ని మొదటిసారి ఒక యంత్రం వేలెత్తి చూపించడం. కాబట్టి షోరూంకు అడ్వాన్సు కట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కొత్త ఎర్త్ గుంత, మీటరు నుంచి నేరుగా వేరే వైరు, దానికో ఎంసీబీ, ఆర్‌సీసీబీ. టియాగోలో పెద్ద బ్యాటరీ ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు మీద పది శాతం నుంచి నిండడానికి దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి భోజనం చేసి పెడితే పొద్దున చాయ్ వేళకు సిద్ధం.

నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోయే ఘాట్ రోడ్డులో ఇంకో పనితనం కనిపిస్తుంది. దిగుడులో ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీస్తే బండి తనంతట తాను నిలదొక్కుకుంటుంది. బండిని తిప్పుతున్న మోటారే ఇప్పుడు చక్రాల చేత తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. టియాగోలో ఈ పట్టును సున్నా నుంచి మూడు వరకు ఎంచుకోవచ్చు. దీని గురించి షోరూముల్లో పెద్ద మాటలు చెబుతారు కాబట్టి లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,500 కిలోల బండి నిట్టనిలువు కొలతలో వంద మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 0.4 యూనిట్. అందులో నష్టాలు పోగా పావు యూనిట్ తిరిగి వచ్చిందనుకుంటే రెండు కిలోమీటర్ల ప్రయాణం. అంతే. అసలు లాభం వేరే ఉంది: లారీల వెనక దిగుతున్నప్పుడు బ్రేకులు కాలవు, కాలు నొప్పి పుట్టదు, క్లచ్ లేదు. పట్టణంలో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు తిరిగొచ్చే కరెంటు ఘాట్‌లో వచ్చేదానికంటే ఎక్కువే. ఒక జాగ్రత్త: బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు, ఆ పట్టు తగ్గుతుంది. కొండ మీద నింపుకుని వెంటనే దిగేవాళ్లు కాలు బ్రేకు మీదే ఉంచుకోవాలి.

ఇప్పుడు దూరాలు. 24 యూనిట్ల టియాగో వచ్చిన కొత్తలో కంపెనీ ప్రకటించిన దూరం 315 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, మన రోడ్ల మీద పోతే 190 అనుకోవడం క్షేమం. కరీంనగర్ ఇంటికి వేములవాడ, కొండగట్టు, సిరిసిల్ల, జగిత్యాల పోయి రావడం దానికి లెక్కే కాదు. ధర్మపురి పోయి రావచ్చు. హైదరాబాద్ సుమారు 165 కిలోమీటర్లు; రాజీవ్ రహదారి మీద వంద వేగంతో పోతే చివర్లో గుండె దడ తప్పదు, సిద్దిపేటలో ఆగి నింపుకోవడం మేలు. వేగంగా నింపే చోట పది నుంచి ఎనభై శాతానికి దాదాపు గంట. ఆదిలాబాద్ ఇంటి లెక్క వేరు. నిర్మల్ పోయి రావడం 160, హైదరాబాద్ ఒకవైపే 300 దాటుతుంది. హైవే వదిలి ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ వైపు తిరిగితే ఇంట్లో నింపుకున్నదే ఆధారం. ఇట్లాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే ఇస్తారు. అడవి దారుల్లో తిరిగేవాళ్లు అది కూడా చూసుకోవాలి. ఆదిలాబాద్‌లో కారు ఒక్కటే ఉన్న ఇంటికి నేను టియాగో చెప్పను. పెద్ద బ్యాటరీ ఉన్న పంచ్ ఈవీ, 38 యూనిట్ల విండ్సర్ లాంటివి చూడమంటాను. పంచ్ ఈవీకి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి, పిల్లలున్న ఇంటికి అదొక బలమైన కారణం.

బొగ్గు కరెంటుతోనే కదా నడిచేది అని మా గోదావరిఖని మిత్రులు అంటారు. అవును, రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు సింగరేణి బొగ్గుదే. అదే ప్లాంటు జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌర పలకలు 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. ఇంటి మీద మూడు కిలోవాట్ల పలకలు వేసుకుంటే రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. కారుతో పాటు అది కూడా ఆలోచించే ఇల్లు రెండింతలు లాభపడుతుంది.

డబ్బు లెక్క. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి నష్టాలతో కలిపి 145 యూనిట్లు కావాలి. ఇంటి వాడకం మీద ఇది చేరితే స్లాబు మారుతుంది. 200 దాటాక వంద యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున, ఆ పైన 9 రూపాయల చొప్పున పడుతుంది. మొత్తం 1,200 రూపాయలు అటూ ఇటూ. పెట్రోలు బండి లీటరుకు 17 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 107 రూపాయల లెక్కన 6,300. నెలకు ఐదు వేలు మిగులు. షోరూం ధరలో తేడా మూడు లక్షలనుకుందాం. ఏడు లక్షల పెట్రోలు కారుకు 14 శాతం లైఫ్ టాక్సు 98 వేలు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కరెంటు కారుకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు; అందులో గడువు 2026 డిసెంబరు 31. మిగిలిన రెండు లక్షల తేడా నలభై నెలల్లో తీరిపోతుంది. అదే నెలకు 400 కిలోమీటర్లే తిరిగే ఇంటికి మిగిలేది రెండు వేలు. తేడా తీరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. బ్యాటరీ, మోటారు వారంటీ కూడా ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లే. ఆ ఇల్లు తొందరపడకూడదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కరెంటు కార్లకు 5 శాతమే అయినా మునుపటంత ఎడం లేదు.

ఏటేటా ధర తగ్గుతుంది, దూరం పెరుగుతుంది, అప్పటిదాకా ఆగుదాం అనేవాళ్లకు నా మాట ఒకటే. ఆగితే మెరుగయ్యేవి అవి రెండే. ఎండకు ఓర్చుకునే పెట్టె, అంటుకోని రసాయనం, ప్రాణం కాపాడే పిడి ఇప్పటికే పక్వానికి వచ్చాయి. 2024 సెప్టెంబరు నుంచి కరీంనగర్–జేబీఎస్ మధ్య కరెంటు సూపర్ లగ్జరీ బస్సులు ఎండలోనూ వానలోనూ తిరుగుతున్నాయి. సొంత ఇల్లు, నీడలో పార్కింగ్, మంచి ఎర్తింగ్, నెలకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైన తిరుగుడు, ఈ నాలుగూ ఉన్న కరీంనగర్ ఇల్లు టాక్సు మాఫీ గడువు లోపలే కొనడం మంచిది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు తమ మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగడానికి సొసైటీ చేత రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే ముందుకు పోవాలి.

టెస్ట్ డ్రైవ్ పొద్దున పూట చల్లగా ఉన్నప్పుడు ఇస్తామంటారు. వద్దనండి. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం రెండింటికి, రెండు గంటలు ఎండలో నిలబెట్టిన బండినే అడగండి. ఇంటిల్లిపాదీ ఎక్కండి, ఏసీ పూర్తిగా పెట్టండి, ముప్పై కిలోమీటర్లు పోయి రండి, ఎన్ని శాతం తగ్గిందో రాసుకోండి. వేగంగా నింపే చోటికి తీసుకుపోయి, వేడిమీదున్న బండి ఎన్ని కిలోవాట్ల చొప్పున తీసుకుంటోందో స్క్రీన్ మీద చూడండి. బ్యాటరీని చల్లబరిచేది ద్రవమా, గాలా అని సేల్స్‌మన్‌ను అడిగితే తడబడవచ్చు. బుక్‌లెట్ తెప్పించి చూపించమనండి.